దూరపు కోపం

2019 మే 22న ఢిల్లీలో సమావేశమైన కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కృష్ణకు ఎడమ గట్టున, నల్లమల ఎత్తుమీద ఉన్న ఈ అడవిలో నాలుగు వేల దాకా బోర్లు వేస్తారన్న వార్త ముందుగా అమ్రాబాద్, పదర మండలాల ఊళ్లలో పడింది. బోరు పడితే నీళ్లు ఏమవుతాయి, పెంటల్లో, అంటే అడవి గూడేల్లో ఉన్న చెంచులు ఎక్కడికి పోవాలి, కృష్ణలోకి ఏం కలుస్తుంది అని జనం అడగడం మొదలుపెట్టారు. రైతులు, చెంచులు, చదువుకునే పిల్లలు, పార్టీల వాళ్లు కలిసి కమిటీలు పెట్టుకున్నారు, బంద్‌లు చేశారు. సెప్టెంబరు నాటికి ‘సేవ్ నల్లమల’ అన్న మాట ప్రతి ఫోన్‌లోకీ చేరింది. శేఖర్ కమ్ముల, విజయ్ దేవరకొండ, సమంత, పవన్ కల్యాణ్ లాంటి వాళ్లు గొంతు కలిపారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఈ అధ్యాయం తీవ్రవాదం గురించి. కుర్రవాళ్ల చేతిలోని ఫోన్ వాళ్లను ఎంతవరకు అటు నెడుతుందన్నది ఇక్కడి ప్రశ్న. అయినా నల్లమల ఉద్యమంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అక్కడి కుర్రవాళ్లలోనూ కోపం రగిలింది, అదీ ఫోన్ ద్వారానే ఊరూరా అంటుకుంది. అది ఎవరి తలా పగలగొట్టలేదు. ఒక అడవిని కాపాడమని అడిగి, ఒక తీర్మానం సాధించి, నెమ్మదించింది. ఫోన్‌ను తప్పుపట్టే ముందు ఆ కోపానికీ, ఇవాళ మనల్ని భయపెడుతున్న కోపానికీ తేడా ఎక్కడుందో తెలుసుకోవాలి.

తేడా తెలియాలంటే ఫోన్లు లేని నల్లమలకు వెళ్లాలి.

1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వాన పీపుల్స్‌వార్ అనే నక్సలైటు పార్టీ ఏర్పడింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో నల్లమల ఆ పార్టీకి పెద్ద స్థావరమైంది. ఈ అడవి ఉన్న పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, అప్పటికే వలసకు మారుపేరు. వానలు లేక, నీళ్లు లేక, మేస్త్రీల వెంట దేశమంతా మట్టిపనికి పోయే జిల్లా. అడవి అంచు ఊళ్లలో పోడు తగాదాలు, ఫారెస్టు వాళ్ల దండుగలు, భూమి మీద దొరల పెత్తనం. అన్నలు, అంటే ఆ పార్టీ వాళ్లు, వచ్చి మాట్లాడింది వీటి గురించే.

ఒక కుర్రవాడు దళంలోకి పోవడానికి చాలా కాలం పట్టేది. ముందు జననాట్యమండలి పాట చెవిన పడాలి. కాలేజీకి పోతే రాడికల్ విద్యార్థి సంఘంలో తెలిసినవాడు ఎవడో ఉండాలి. సానుభూతిపరుడిగా కొంతకాలం గడవాలి. చీటీలు మోయాలి, బువ్వ పెట్టాలి, నమ్మకం సంపాదించాలి. ఈలోగా తల్లి ఏడ్చేది, మేనమామ నచ్చజెప్పేవాడు, పెళ్లి సంబంధం వచ్చేది, పట్నంలో పని దొరికేది. చాలామంది ఆ మధ్యలోనే ఆగిపోయారు. ఆగనివాళ్లలో కొందరిని చివరికి అటు నెట్టింది సిద్ధాంతం కంటే స్టేషన్‌లో తిన్న దెబ్బలు, ఎన్‌కౌంటర్‌లో పోయిన స్నేహితుడు.

ఈ మాట నల్లమలకే పరిమితం కాదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆఫ్రికాలో హింసాత్మక బృందాల్లో పనిచేసినవాళ్లతో మాట్లాడి 2017లో ఒక నివేదిక ఇచ్చింది. స్వచ్ఛందంగా చేరినవాళ్లలో నూటికి 71 మంది తమను చివరిసారి తోసింది ప్రభుత్వం చేసిన పనే అన్నారు. అంటే తమవాళ్లను చంపడం, అరెస్టు చేయడం లాంటివి. అంతకుముందే మార్క్ సేజ్‌మన్ అనే మనోవైద్యుడు 172 మంది జిహాదీల జీవితాలను పరిశీలించి 2004లో ఒక పుస్తకం రాశాడు. అందులో తేలింది మరొకటి. స్నేహం, బంధుత్వం ముందు, సిద్ధాంతం తర్వాత. చేరాక నమ్మినవాళ్లే ఎక్కువ. దేశాలు వేరు, జెండాలు వేరు. అయినా మనిషి హింసలోకి నడిచే బాట చాలాచోట్ల ఒకేలా కనిపిస్తుంది. తెలిసిన మనిషి, తగిలిన దెబ్బ, చుట్టూ ఒక చిన్న గుంపు.

ఆ బాట నెమ్మదిగా సాగినంత మాత్రాన అది మంచి బాట అనను. 1993లో సోమశిల దగ్గర మందుపాతర పేలి జిల్లా ఎస్పీ పరదేశినాయుడు చనిపోయారు. 2004 అక్టోబరులో నల్లమలలోంచి బయటకు వచ్చిన మావోయిస్టు నాయకుడు రామకృష్ణ బృందంతో హైదరాబాద్‌లో ప్రభుత్వం చర్చలు జరిపింది. కొత్త సంవత్సరం వచ్చేసరికి అవి విఫలమయ్యాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, వారితో ఉన్న మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే మావోయిస్టులపై నిషేధం వచ్చింది. ఆ తర్వాత గ్రేహౌండ్స్ పోలీసుల గాలింపుతో అడవి నుంచి దళాలు తొలగిపోయాయి. రెండు వైపుల తుపాకుల మధ్యా నలిగినవాళ్లు పెంటల్లోని చెంచులు, ఊళ్లలోని పేదలు.

ఆ కాలం నుంచి మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆ హింస వెనక ఉన్న కోపం దగ్గరిది. ఏ భూమి, ఏ గార్డు, ఏ కాంట్రాక్టరు అని వేలుపెట్టి చూపగలిగేది. అందువల్లనే ఊళ్లో దానితో వాదించగలిగేవాళ్లు ఉండేవారు. ‘వాడు అట్లాంటోడు కాదురా, నాకు తెలుసు’ అనగలిగే మనిషి ఒకడు ఉండేవాడు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. ఉచితమనీ, ఆ తర్వాత చవకనీ డేటా ఊళ్లను ముంచెత్తింది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం దారిలో లోపలికి పోతే ఇప్పటికీ సిగ్నల్ తెగిపోయే చోట్లున్నాయి. అచ్చంపేటలో, అమ్రాబాద్‌లో, రోడ్డు పక్క ఊళ్లలో మాత్రం పదోతరగతి పిల్లాడికీ ప్రపంచం చేతికి వచ్చింది. దాంతోపాటు ప్రపంచంలోని కోపమంతా వచ్చింది.

అది ఎట్లా పనిచేస్తుందో అంచెలంచెలుగా చూద్దాం.

పదిహేనేళ్ల మెదడు పెద్దవాళ్ల మెదడుకు చిన్న నమూనా కాదు. లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. కారు నడిపే కంప్యూటర్ ఆటను కౌమారులతో, యువకులతో, పెద్దవాళ్లతో ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు ఒకలా, స్నేహితులు పక్కన ఉన్నప్పుడు ఒకలా. స్నేహితులు చూస్తుంటే కౌమారులు తీసుకునే ముప్పు రెట్టింపైంది. కాలేజీ వయసువాళ్లలో సగం పెరిగింది. పెద్దవాళ్లలో ఏ తేడా లేదు. 2016లో లాస్ ఏంజిలిస్‌లో మరో బృందం కౌమారులను స్కానర్‌లో పడుకోబెట్టి ఫొటోలు చూపింది. ఎక్కువ లైకులున్న ఫొటో చూసినప్పుడు మెదడులో ప్రతిఫలానికి స్పందించే భాగం చురుకైంది, అదే ఫొటోకు తామూ లైక్ కొట్టారు. సిగరెట్లు, మద్యం లాంటి ముప్పు ఉన్న ఫొటోలు చూస్తున్నప్పుడు తమను తాము అదుపులో పెట్టుకునే భాగాల పని తగ్గింది. ఆ వయసులో ‘నలుగురూ ఏమంటారు’ అన్నది బలహీనత కాదు, ఎదుగుదలలో ఒక దశ. అమ్మానాన్నల గూటి నుంచి తోటివాళ్ల లోకంలోకి పోవడానికి మెదడు చేసుకునే ఏర్పాటు. ఫోన్ చేసిందేమిటంటే, ఆ నలుగురిని నలభై వేలు చేసి, పగలూ రాత్రీ పిల్లాడి పక్కనే కూర్చోబెట్టింది.

ఆ నలభై వేల మందికి ఏ మాట నచ్చుతుంది? 2017లో విలియం బ్రేడీ బృందం రాజకీయ వివాదాల మీది ట్వీట్లను లెక్కగట్టింది. మంచిచెడ్డల తీర్పూ, ఉద్వేగమూ కలిసిన మాట ఒక్కొక్కటి చేరినకొద్దీ ఆ ట్వీట్ ఇరవై శాతం ఎక్కువగా పంచుకోబడింది. ‘ద్రోహి’, ‘సిగ్గుమాలిన’, ‘నాశనం’ లాంటి మాటలన్నమాట. బ్రేడీ 2021లో వేరే సహచరులతో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఏడు వేల పైచిలుకు మంది రాసిన కోటి ఇరవై ఏడు లక్షల ట్వీట్లను చూస్తే, ఆగ్రహం వెళ్లగక్కినప్పుడు లైకులు వచ్చినవాళ్లు ఆ తర్వాత మరింత ఆగ్రహంతో రాశారు. ఈ అధ్యాయం మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన ఫలితం లేదు. ఎందుకంటే లైకులు చూసి మాట పదును పెంచుకోవడంలో ముందున్నది అప్పటికే మండిపడుతున్నవాళ్లు కాదు, నెమ్మదస్తులు. కరడుగట్టినవాడికి చప్పట్లతో పనిలేదు. మధ్యలో ఉన్నవాడికే చప్పట్లు కోపం నేర్పుతాయి.

కంపెనీల లెక్క దీనికి తోడైంది. పోస్టుకు లైక్‌తో పాటు నవ్వు, కోపం, కన్నీటి బొమ్మలు పెట్టే వీలు ఫేస్‌బుక్ 2016లో ఇచ్చింది. 2017 నుంచి ఎవరికి ఏ పోస్టు చూపాలో నిర్ణయించే లెక్కలో ఒక్కో బొమ్మకు లైక్ కంటే అయిదు రెట్లు విలువ ఇచ్చింది. అంటే జనం కోప్పడిన పోస్టు జనం మెచ్చుకున్న పోస్టు కంటే దూరం పోయింది. కోపం బొమ్మలు ఎక్కువగా పడిన పోస్టుల్లో అబద్ధాలు, విషం పాలు ఎక్కువని కంపెనీ లోపలి నిపుణులే 2019లో తేల్చారు. 2020లో గానీ కోపం బొమ్మ విలువ సున్నా కాలేదు. చేనుకు వేసిన ఎరువు పంటకూ కలుపుకూ తేడా చూడనట్టే ఆ లెక్కకూ ఏ తేడా తెలియదు. వేసినవాడికి మాత్రం తెలిసి ఉండాల్సింది.

2019 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ పరిశోధకులు ఒకరు కేరళలో ఉన్న మామూలు మనిషి పేరున ఒక ఖాతా తెరిచారు. షరతు ఒక్కటే. కంపెనీ ఏ గ్రూపులో చేరమంటే అందులో చేరాలి, ఏ వీడియో చూపితే అది చూడాలి. పది రోజుల్లో పుల్వామా దాడి జరిగింది. మూడు వారాలు తిరిగేసరికి ఆ ఖాతా ద్వేషంతో, అబద్ధపు వార్తలతో, శవాల ఫొటోలతో నిండిపోయింది. ఆ మనిషి ఎవరినీ తిట్టలేదు, ఏమీ వెతకలేదు. చూపింది చూశాడంతే. ఆ తర్వాత బయటపడ్డ లోపలి పత్రాల ప్రకారం, అబద్ధాలను పసిగట్టే పనికి పెట్టిన ప్రపంచ బడ్జెట్‌లో 87 శాతం ఒక్క అమెరికాకే పోయింది. హిందీ, బెంగాలీ లాంటి మహాభాషల్లోనే ద్వేషాన్ని పట్టే పనిముట్లు చాలాకాలం సరిగా లేవని ఆ పత్రాల్లోనే ఉంది.

మన దగ్గర సంగతి. గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్‌ను ఫేస్‌బుక్ 2020 సెప్టెంబరులో, ద్వేషాన్ని, హింసను ప్రోత్సహించే కంటెంట్ పెట్టారంటూ తన వేదిక నుంచి తొలగించింది. ఆ పేజీలు తాను నడిపినవి కావని ఆయన అన్నారు. అంతకు కొన్ని వారాల ముందు, కంపెనీ సిబ్బంది ఇదే చర్య తీసుకోవాలని చెప్పినా వ్యాపార కారణాలతో పైవాళ్లు అడ్డుపడ్డారని అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. చర్య తీసుకున్నది ఆ వార్త తర్వాతే.

అదే హైదరాబాద్‌లో మరో మతం పేరున జరిగింది చూడండి. 2014 సెప్టెంబరులో నలుగురు కుర్రవాళ్లు బంగ్లాదేశ్ మీదుగా ఐసిస్‌లో చేరడానికి బయల్దేరి పశ్చిమ బెంగాల్‌లో దొరికారు. ఆన్‌లైన్‌లో చూసినవి, ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లు వాళ్లను కదిలించారు. తెలంగాణ పోలీసులు కేసులు పెట్టకుండా, నచ్చజెప్పి తల్లిదండ్రులకు అప్పగించారు. మంచి పని. అయినా ఏడాది తిరిగాక, 2015 డిసెంబరులో, నాగపూర్ విమానాశ్రయంలో శ్రీనగర్ పోతూ ముగ్గురు పట్టుబడ్డారు. మొదటిసారి దొరికినవాళ్లలో ఒకడు అందులో ఉన్నాడు. ఆ ముగ్గురూ దగ్గరి బంధువులు. నిప్పు ఫోన్‌లోంచి వచ్చింది, దాన్ని రాజేసింది మాత్రం ఇంటి చుట్టరికమే. సేజ్‌మన్ చెప్పిన పాత బాట చెరిగిపోలేదన్నమాట. ఫోన్ దానికి కొత్త మొదలు కల్పించింది.

ఇక్కడే నిదానించాలి. ఇంతవరకు చదివినవాళ్లకు ఫోనే తీవ్రవాదాన్ని తయారుచేస్తుందనిపించవచ్చు. మిగతా పరిశోధనలు అంత సులువుగా ఒప్పుకోవు.

యూట్యూబ్ ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకి, అక్కడి నుంచి ఇంకా ఘోరమైనదానికి పిల్లలను లాక్కుపోతుందని చాలామంది నమ్ముతారు. 2020లో అమెరికన్ల బ్రౌజర్లను వాళ్ల అనుమతితో గమనించిన అధ్యయనంలో అది అరుదని తేలింది. తీవ్రవాద చానళ్లను చూసిన సమయంలో నాలుగింట మూడు వంతులకు పైగా నూటికి ఒక్కరి కంటే తక్కువ మందిది. వాళ్లూ అప్పటికే మనసులో జాతి ద్వేషం, స్త్రీ ద్వేషం పెంచుకున్నవాళ్లే, ఆ చానళ్లకు చందాదారులే. 2023లో సైన్స్, నేచర్ పత్రికల్లో వచ్చిన పెద్ద ప్రయోగాల్లో, వేలాదిమంది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడకందారులకు మూడు నెలలు అల్గారిథం తీసేసి, వచ్చినవి వచ్చిన వరుసలో చూపారు. రాజకీయ వైరం తగ్గలేదు. తమలాంటి అభిప్రాయాలున్నవాళ్ల పోస్టులను మూడోవంతు తగ్గించినా మార్పు లేదు. ఆ ప్రయోగాల సమయంలో అమెరికా ఎన్నికల కోసం కంపెనీ అందరి ఫీడ్‌నూ ముందే శుభ్రపరిచిందని తర్వాత కొందరు ఎత్తిచూపారు. కాబట్టి అదే తుదితీర్పు కాదు. అయినా ఒక బటన్ నొక్కితే ద్వేషం ఆగిపోతుందన్న ఆశకు అది దెబ్బే.

బోస్నియాలో జరిగిన ప్రయోగం నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. 2019 జులైలో, స్రెబ్రెనిత్సా మారణకాండ సంస్మరణ వారంలో, కొందరిని ఫేస్‌బుక్ ఆపెయ్యమన్నారు. యుద్ధపు జ్ఞాపకాలు పైకి లేచే రోజులు కాబట్టి, ఫోన్ దూరమైతే ఇతర జాతులపై కోపం తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. ఆపినవాళ్లకు ఇతర జాతులపై అభిప్రాయం ఇంకా చెడింది. ముఖ్యంగా చుట్టూ అంతా తమ జాతివాళ్లే ఉన్న చోట్ల. ఫోన్ మూసేసి వాళ్లు వెళ్లింది తమలాంటివాళ్ల మధ్యకే. ఎదుటి జాతి మనిషి వాళ్లకు కనబడే ఒక్క చోటు ఆ ఫేస్‌బుక్కే.

అమ్రాబాద్ మీద దీన్ని పెట్టి చూడండి. ఇక్కడి ఊళ్లలో అన్ని కులాల, మతాల వాళ్లూ కలిసి పంటలు అమ్ముకుంటారు, ఒకే బస్సెక్కి అచ్చంపేట పోతారు, ఒకే ఆస్పత్రిలో వరస కడతారు. ఇక్కడి కుర్రవాడికి ఎదుటి మతం మనిషి కనబడేది ఫోన్‌లో కాదు, పక్కింట్లో. అతని చేతిలోని వీడియో మాత్రం వేల మైళ్ల అవతలి నగరంలో, ఎప్పుడో జరిగిన, ఎవరో కత్తిరించి అంటించిన గొడవది. పక్కింటి మనిషితో పదేళ్ల పరిచయం ఒకవైపు, వెయ్యి వీడియోల భయం ఒకవైపు. బోస్నియా ఫలితం చెప్పేదేమిటంటే, పరిచయం ఉన్నచోట ఫోన్ భయపెడుతుంది, పరిచయం లేనిచోట ఫోనే పరిచయం కావచ్చు. మన ఊళ్లకు పరిచయం ఉంది. పోగొట్టుకునేది మనమే.

అందుకే కోపం ఎంత ఉందన్నది కాక, ఎంత దూరం నుంచి వచ్చిందన్నది అడగాలంటాను. యురేనియం కోపం దగ్గరిది. బోరు ఎక్కడ వేస్తారో చూపగలం, అధికారిని నిలదీయగలం, తీర్మానం వస్తే ఊపిరి తీసుకోగలం. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు జనం స్మార్ట్‌ఫోన్ లేని 2003లోనే యురేనియంపై జరిగిన బహిరంగ విచారణలో అట్లా నిలదీశారు. దగ్గరి కోపానికి అడ్రసు ఉంటుంది, అడిగేది ఉంటుంది, అది దొరికాక ముగింపు ఉంటుంది. దూరపు కోపానికి ఇవేవీ లేవు. ఏ నగరంలోనో జరిగిందన్నదాన్ని అమ్రాబాద్ కుర్రవాడు నిర్ధారించుకోలేడు. దానికి న్యాయం చేయించలేడు. ఇంకో వీడియో చూడటం, ఇంకొకరికి పంపడం, చివరికి ఆ కోపాన్ని చేతికి అందే మనిషి మీద తీర్చుకోవడం, అంతే మిగిలేది. ఈలోగా అతని ఊరి అసలు సంగతులు, అంటే పోడు పట్టాలు, పులుల అభయారణ్యంలోంచి పెంటలను తరలించే మాటలు, డిగ్రీ అయ్యాక దొరకని ఉద్యోగం, స్టేటస్‌లో ఎక్కడా ఉండవు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. కోపగించుకోవడానికి న్యాయమైన కారణాలు ఇంటి ముందు ఉన్న పిల్లాడి కోపాన్ని ఎవరో దూరం నుంచి దోచుకుంటున్నారు.

దూరపు కోపం చేతికందిన మనిషి మీద పడితే ఏమవుతుందో 2018 వేసవిలో తెలుగు నేల చూసింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు పాకాయి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆమె ఎవరి పిల్లాడినీ ముట్టలేదు. ఆ వారాల్లో దేశంలో చాలాచోట్ల కొత్తమొహం కనబడితే చాలు, ప్రాణం పోయింది.

నల్లమలకు పడమటగా, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో, ఆ వదంతులు అంతే జోరుగా వచ్చాయి. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకున్నారు. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలు చూస్తున్న పోలీసు అధికారి రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును కేటాయించే పద్ధతి నడిపారు. ఆ పోలీసు ఊరి జనంతో కూర్చుని, వాళ్ల ఫోన్లలో వచ్చినవి చూసి, ఇది ఎక్కడిదో చెప్పాలి. ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి పోలీసులూ చేరారు. పోలీసు కళాకారులు డప్పు పట్టుకుని, వదంతుల మీద కట్టిన పాటలతో నాలుగు వందల ఊళ్ల వరకు తిరిగారు. ఆ వేసవిలో ఆ ప్రాంతంలో పుకారు వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

నాకు ఇందులో కనబడేది పాత నల్లమల పద్ధతే. అప్పుడు ఊళ్లోకి వచ్చిన పాట తుపాకీ వైపు పిలిచింది, ఇప్పుడు వచ్చిన పాట చేతిలోని రాయిని కింద పెట్టించింది. రెండుచోట్లా పనిచేసింది ఎదురుగా నిలబడి, పేరుపెట్టి పిలిచి, మళ్లీ వారం కూడా వచ్చే మనిషి. ఆ వేసవి తర్వాత వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదుకు మించి చాట్‌లకు పంపకుండా కట్టడి పెట్టింది. బాగా తిరిగిన సందేశాన్ని ఒకసారికి ఒకరికే పంపగలిగేలా 2020లో బిగించాక, అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని కంపెనీ ప్రకటించింది. వేగం తగ్గించడం కూడా మందే. మేనమామ వచ్చి మాట్లాడటానికి అది కొంత వ్యవధి ఇస్తుంది.

బడి ఏం చేయగలదన్నదానికి మంచి సాక్ష్యం బిహార్ నుంచి వచ్చింది. సుమిత్రా బద్రీనాథన్ 2019 ఎన్నికలప్పుడు గయలో ఇంటింటికీ మనుషులను పంపి, అబద్ధపు వార్తలను ఎట్లా పట్టాలో గంటసేపు నేర్పించి చూశారు. మొత్తం మీద ఫలితం లేదు. కొందరిలో, తమ పార్టీకి నచ్చే అబద్ధాల విషయంలో, వివేకం ఇంకా తగ్గింది. గంటసేపు పాఠం పెద్దవాళ్ల పార్టీ అభిమానాన్ని కదపలేదు, కొన్నిచోట్ల బిగించింది. ఆమె అక్కడితో ఊరుకోలేదు. సహచరులతో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఈసారి పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలను ఎంచుకున్నారు. 583 ఊళ్లు, పదమూడు వేలకు పైగా పిల్లలు. పల్లె గ్రంథాలయాల్లో, టీచర్ ఎదురుగా, తోటి పిల్లల మధ్య, వారాల తరబడి పాఠాలు. పాఠాలు రాజకీయాల మీద కాదు, ఎక్కువగా ఆరోగ్యం మీద. ఈ చిట్కా నిజమా, ఎవరు చెప్పారు, ఎందుకు నమ్మాలి అని. పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేయడం గణనీయంగా మెరుగైంది. నాలుగు నెలల తర్వాత అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. రాజకీయ వదంతుల విషయంలోనూ కనబడింది, ఆ సంగతి పాఠంలో లేకపోయినా. ఇంకా విశేషం, ఆ పిల్లల తల్లిదండ్రుల్లోకి కూడా కొంత పాకింది.

పై తేడాకు కారణాలు ఇంతకుముందు చూసినవే. స్టైన్‌బర్గ్ ప్రయోగంలో ముప్పు పెంచిన తోటివాళ్లే ఇక్కడ వివేకం పెంచారు. అమ్రాబాద్ పీఠభూమి మీద ఇందుకు కావలసినవి చాలావరకు ఉన్నాయి. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, జూనియర్ కాలేజీలు ఉన్నాయి, వారానికి ఒక పీరియడ్ తీయగలిగే టీచర్లున్నారు. నాటు వైద్యం, పసర మందుల మీద వచ్చే వీడియోతో మొదలుపెట్టి, యురేనియం మీద రెండు వైపుల వాదనలకు వెళ్లి, పోడు పట్టాల నిబంధన స్వయంగా చదివించి, ఆ తర్వాతే దూరపు వీడియో పిల్లల ముందు పెట్టాలి. ఆ వరుస ముఖ్యం. తన ఊరి సంగతిని తానే తేల్చుకోవడం ఒకసారి అలవాటైన పిల్లాడు, ఎక్కడిదో తెలియని దాన్ని చూసినప్పుడు ఆ ప్రశ్నలే అడుగుతాడు. ఎక్కడ జరిగింది, ఎవరు తీశారు, నేను ఎవరిని అడగాలి అని.